సాక్ష్యం చెప్పాక మళ్ళీ మాత్రలా

నా తల వెనక రూపాయి బిళ్ళంత మేర జుట్టు ఊడిపోయిందని మొదట కనిపెట్టింది నా కూతురు. ఆదివారం పొద్దున చర్చికి తయారవుతూ, జడ వెయ్యమని దాని ముందు కూర్చున్నాను. దువ్వెన మధ్యలో ఆగిపోయింది. ఏంటే అన్నాను. ఏం లేదమ్మా అంది. అది ఏం లేదు అన్నప్పుడల్లా ఏదో ఒకటి ఉంటుంది. రెండద్దాలు ముందొకటి వెనకొకటి పట్టుకుని చూసుకున్నాను. అక్కడ చర్మం నున్నగా, పసిపిల్ల బుగ్గలా ఉంది. కొంగు నిండా కప్పుకుని చర్చికి వెళ్ళాను.

ప్రార్థన అయ్యాక మెట్ల దగ్గర మా వదినకు చూపించాను. పేనుకొరుకుడు అని తేల్చేసింది, వెల్లుల్లి రుద్దమంది. పక్కనున్నావిడ మందారాకు నూరి పెట్టమంది. ఇంకొకావిడ, యాప్రాల్ బోరు నీళ్ళు ఎవరికీ పడవమ్మా, మా కోడలికీ ఇలాగే ఊడిందని సాగదీసింది. అప్పటికి మా ఆయన పోయి ఏడు నెలలు. ఆ ఏడు నెలల్లో నా ఇల్లు మారింది, నా బడి పోయింది, కొత్త ఉద్యోగం మీద పడింది, పొద్దున లేవగానే చూసే ముఖం దగ్గర్నుంచి సాయంత్రం ఎక్కే బస్సు దాకా ఒక్కటంటే ఒక్కటి పాతది మిగల్లేదు. అవేవీ ఆ ఆడవాళ్ళకు కనపడలేదు. తప్పంతా ఒక పేను మీదకూ బోరు నీళ్ళ మీదకూ పోయింది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

మా ఆయన ఒక ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ క్లర్కు. ఆఫీసు పేరు చెప్పను, చెప్పి సాధించేదేమీ లేదు. చిలకలగూడలో క్వార్టర్. పద్దెనిమిదేళ్ళు ఆ రెండు గదుల్లోనే కాపురం. ఫిబ్రవరిలో ఒక పొద్దున గడ్డం గీసుకుంటూ గుండె పట్టుకుని కూలబడ్డారు. సగం గడ్డం మీద నురగ అలాగే ఉంది. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది. యాభై రెండేళ్ళు. నాకప్పుడు నలభై ఆరు, మా అమ్మాయికి పద్దెనిమిది, డిగ్రీ మొదటి సంవత్సరం.

మా చర్చివాళ్ళు మంచివాళ్ళు కాదని నేను అనను. ఆదరణ కూడిక పెట్టారు, ఇల్లు నిండిపోయింది. వారం రోజులు మా పొయ్యి వెలిగించనివ్వలేదు. మా అన్నయ్య భార్య, అంటే మా వదిన, చర్చిలో స్త్రీల సమాజం కార్యదర్శి, ఆవిడ నెల రోజులు మా ఇంట్లోనే ఉండి అంతా తన మీద వేసుకుంది. కానీ వచ్చిన ప్రతివాళ్ళూ ఒకే మాట పట్టుకున్నారు. ధైర్యంగా ఉండు. నువ్వే ఏడిస్తే పిల్ల ఏమవుతుంది. విశ్వాసంలో ఉన్నవాళ్ళు అంతగా ఏడవకూడదు. నేనూ బుద్ధిమంతురాలిలా ఏడుపు మానేశాను. కళ్ళు మానేసిన పని ఒంట్లో ఇంకేదో చెయ్యాల్సి వస్తుందని అప్పట్లో నాకెవరూ చెప్పలేదు.

క్వార్టర్ ఎప్పటికైనా ఖాళీ చెయ్యాల్సిందే కదా, ఎంత తొందరగా చేస్తే అంత తొందరగా మనసు కుదుటపడుతుందని మా వదిన పట్టుబట్టింది. యాప్రాల్‌లో వాళ్ళింటికి రెండు వీధుల అవతల రెండో అంతస్తులో ఒక వాటా చూసింది. వేసవిలోనే దిగాం. అక్కడ కిటికీ తీస్తే కట్టుబడిలో ఉన్న మరో బిల్డింగ్ కనపడుతుంది. పలకరించే మనిషి ఉండడు. చిలకలగూడలో నేను కూరగాయల బండివాణ్ణి బాల్కనీలోంచి కేకేస్తే నాకేం కావాలో వాడికే తెలిసేది. ఇక్కడ పై అంతస్తువాళ్ళకు నా ముఖం కూడా తెలియదు.

ఇక ఉద్యోగం సంగతి. నేను పదిహేనేళ్ళు క్వార్టర్స్ వెనకున్న చిన్న ప్రైవేటు బళ్ళో రెండో తరగతికి తెలుగు చెప్పాను. ముప్ఫై మంది పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టిన దాన్ని. జీతం తక్కువే, కానీ ఆ గదిలోకి అడుగుపెడితే నాకు ప్రాణం లేచొచ్చేది. మా ఆయన పోయాక ఆఫీసువాళ్ళు కారుణ్య నియామకం కింద నాకు ఉద్యోగం ఇచ్చారు. అది నేను అడిగి తీసుకున్నదే, ఇంటికి అవసరం కనుకే తీసుకున్నాను, అందుకు కృతజ్ఞత లేదని కాదు. నాకు చిర్రెత్తేది ఎక్కడంటే, ఆ కాగితం రాగానే చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు చూశాను చూడండి, అక్కడ. అదృష్టవంతురాలివమ్మా అన్నారు. ప్రైవేటు బడి ఎక్కడ, గవర్నమెంటు కొలువు ఎక్కడ అన్నారు. స్వీట్లు పంచమన్నారు. మొగుడు పోతే వచ్చిన ఉద్యోగానికి స్వీట్లు! పంచాను కూడా. అదే నా మీద నాకున్న మొదటి కోపం.

చేరిన రోజున ఆఫీసరు గారు పూలగుత్తి ఇచ్చారు. పెద్దమనిషి, నిజంగానే మా ఆయనంటే గౌరవం ఉన్నవాడు. అందరి ముందూ అన్నాడు, సార్ సీటు ఇన్నాళ్ళూ ఎవరికీ ఇవ్వలేదమ్మా, మీ కోసమే ఉంచాం, అక్కడే కూర్చోండి అని. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ కుర్చీ మీద పరిచిన దిండు నేను కుట్టిందే. ఆయనకు నడుం నొప్పి అంటే, నా వంకాయరంగు పాత చీర మడిచి, లోపల దూది కూరి, నాలుగేళ్ళ కిందట కుట్టిచ్చాను. ఆయన కూర్చుని కూర్చుని మధ్యలో పల్లం పడింది. నేను ఆ పల్లంలో కూర్చున్నాను. సొరుగు లాగితే ఆయన టీ తాగే స్టీలు గ్లాసు. రిజిస్టరు తెరిస్తే ఎడమ పేజీ నిండా ఆయన చేతిరాత, కుడి పేజీ నుంచి నేను రాయాలి. దాన్ని వాళ్ళు గౌరవం అనుకున్నారు. ఒక్కరికంటే ఒక్కరికైనా, మనిషిని తీసుకెళ్ళి ఆ గుంటలో కూర్చోబెడుతున్నామని తట్టలేదు. నాకైనా నోరుందిగా, వేరే చోట వెయ్యండి సార్ అంటే పోయేది. అనలేదు. మొదటి రోజే మొండికేసిందంటారని ఊరుకున్నాను.

ఆ వారంలోనే షురూ అయింది, మా ఆఫీసు అటెండరమ్మ మాటల్లో చెప్పాలంటే. బస్సు దిగి ఆఫీసు మెట్లెక్కుతుంటే గుండె కుట్టుమిషన్‌లా కొట్టుకునేది. కుర్చీలో కూర్చోగానే ఎడమ చెయ్యి తిమ్మిరి. అన్నం గొంతు దిగదు, అయినా సుగర్ పెరిగింది. మూడు గంటలకల్లా మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టదు. చదివిన వాక్యం మళ్ళీ చదివినా తలకెక్కదు. ఒకసారి బోయిన్‌పల్లి మార్కెట్లో నిలబడి ఏం కొనడానికి వచ్చానో గుర్తు రాక, ఏడుపొచ్చి, ఉత్త సంచీతో ఇంటికొచ్చాను. ఆ తర్వాత జుట్టు.

మొదట చూసిన డాక్టరు గ్యాస్ అన్నాడు. టెన్షన్లేమైనా ఉన్నాయా అని అడిగాడు పాపం, అడక్కపోలేదు. పక్క కుర్చీలో మా వదిన కూర్చునుంది. ఏం లేవండీ, అంతా బాగానే ఉంది అన్నాను. ఆవిడే నా తరఫున, ఉద్యోగం కూడా వచ్చింది డాక్టర్ గారూ, దేవుడి దయ అంది. నేను తలాడించాను. ఇంకేముంది, గ్యాస్ మాత్రలు రాసి పంపాడు.

రెండోసారి ఒక్కదాన్నే వెళ్ళాను, ఆఫీసు నుంచి అటే. ఈసారి ఒక డాక్టరమ్మ, నా ఈడుదే. బీపీ చూసింది, ఇంకోసారి చూసింది. స్టెతస్కోపు బల్ల మీద పెట్టేసి, ఈ ఏడాదిలో మీ ఇంట్లో ఏమేం మారాయమ్మా అని అడిగింది. టెన్షన్ ఉందా అని కాదు, ఏమేం మారాయి అని. చెప్పడం మొదలుపెట్టాను. మా ఆయన, క్వార్టర్, బడి, ఆఫీసు, కుర్చీ, దిండు. దిండు దగ్గరకొచ్చేసరికి కట్ట తెగింది. ఏడు నెలల ఏడుపు ఆ గదిలో ఏడ్చాను. బయట ఎంతమంది ఉన్నారో ఏమో, ఆవిడ తొందరపెట్టలేదు.

అప్పుడు చెప్పింది. మీ ఒంట్లో ఏడు నెలలుగా ప్రమాద గంట మోగుతూనే ఉందమ్మా, ఆపేవాళ్ళు లేరు, బీపీ అదే, సుగర్ అదే, నిద్ర అదే, జుట్టు కూడా బహుశా అదే. మంచి మార్పైనా చెడ్డ మార్పైనా ఒంటికి బరువే, మీకు ఏడాదిలో అన్నీ కట్టగట్టుకుని వచ్చాయి. బీపీకి ఒక మాత్ర, రాత్రి వేసుకోవడానికి ఇంకోటి రాసింది. వారానికోసారి కౌన్సెలింగ్‌కు రమ్మంది. బాగున్నట్టనిపించినా మీ అంతట మీరు ఆపొద్దని రెండుసార్లు చెప్పింది. ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, నాకు పిచ్చి పట్టలేదు అనుకుంటూ ఇంటికొచ్చాను. అంత హాయిగా ఉందని చెప్పడానికి కూడా సిగ్గేసింది.

మా వదినకు బీపీ మాత్ర వరకే చెప్పాను. ఆవిడ ఊరుకోలేదు. స్త్రీల సమాజంలో నా పేరు ప్రార్థనకు ఇచ్చి, మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన పెట్టించింది. ఆ ఆడవాళ్ళు మోకాళ్ళ నొప్పులతో కింద కూర్చుని, మంచినీళ్ళు కూడా ముట్టకుండా నా కోసం ప్రార్థించారు. దాన్ని నేను ఏనాడూ చులకన చెయ్యను. నేనూ దేవుణ్ణి నమ్ముకున్న మనిషినే. నాలుగో వారానికి నిద్ర కాస్త పట్టింది, బీపీ దిగింది. మాత్రలూ పనిచేశాయి, ప్రార్థనలూ పనిచేశాయి, ఎవరి వాటా ఎంతో నాకు తెలియదు, తేల్చాల్సిన పని కూడా నాది కాదు. కానీ మా వదిన తేల్చేసింది.

మా చర్చిలో వాక్యానికి ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. పరీక్ష పాసైనవాళ్ళు, పురుడు పోసుకున్నవాళ్ళు, రోగం నయమైనవాళ్ళు లేచి మైకు దగ్గరకెళ్ళి దేవుడు చేసిన మేలు చెబుతారు. ఆ ఆదివారం అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, ఇంకెవరైనా ఉన్నారా అనగానే మా వదిన వెనక బెంచీలోంచి, మా ఆడపడుచు చెబుతుందండీ అంది. నాకు ముందుగా ఒక్క మాట చెప్పలేదు. అందరూ తిరిగి చూశారు. లేచాను.

కాస్త నెమ్మదిగా ఉంది, ఇంకా మందులు వాడుతున్నాను, ప్రార్థించండి అని చెప్పి కూర్చుందామనుకునే నడిచాను. మైకు దగ్గరకెళ్ళాక ఆ ముఖాలు చూశాను. తొమ్మిది నెలలుగా నన్ను చూడగానే జాలితో జారిపోయే ముఖాలు, అప్పుడు ఎదురుచూస్తున్నాయి. నా నోటి వెంట ఏమొచ్చిందంటే, దేవుడు నన్ను పూర్తిగా స్వస్థపరిచాడు, ఇప్పుడు నాకే బాధా లేదు, మా ఇంట్లో అంతా బాగుంది అని. హాలంతా స్తోత్రం అంది. చప్పట్లు మోగాయి. చెప్పక తప్పదు, ఆ చప్పట్లు నాకు తియ్యగానే ఉన్నాయి. పూర్తిగా అన్న మాట ఎవరూ నా నోట్లో పెట్టలేదు, నేనే వేసుకున్నాను.

ఆ మధ్యాహ్నం భోజనం మా అన్నయ్య వాళ్ళింట్లో. చెయ్యి కడుక్కుని, సంచీలోంచి మాత్రల అట్ట తీశాను. మా వదిన చూసింది. చర్చివాళ్ళు ఇంకో ఇద్దరున్నారు కనుక గొంతు తగ్గించి అంది.

"సాక్ష్యం చెప్పాక మళ్ళీ మాత్రలా అమ్మాయ్? దేవుడు చేసింది చాలలేదని నువ్వే నలుగురికీ చూపిస్తావా?"

అట్ట మళ్ళీ సంచీలో పెట్టేశాను. ఆ సాయంత్రం వేసుకుందామనుకున్నాను, వేసుకోలేదు. వేసుకుంటే అంతమంది ముందు అబద్ధం చెప్పినట్టు. అబద్ధం చెప్పానన్న మాట ఒప్పుకోలేక మాత్రలు మానేశాను. వినడానికి ఎంత తెలివితక్కువగా ఉందో నాకు తెలుసు. పదిహేనేళ్ళు పిల్లలకు చదువు చెప్పిన దాన్ని, సొంత ఒంటి దగ్గరకొచ్చేసరికి రెండో తరగతి పిల్ల కన్నా అన్యాయంగా ఆలోచించాను. కౌన్సెలింగ్‌కూ పోలేదు. గుండె దడ మళ్ళీ మొదలైతే మెట్ల మీద గోడ పట్టుకుని నిలబడి, ఎవరైనా వస్తుంటే చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగేదాన్ని. ఎలా ఉన్నావమ్మా అంటే స్వస్థత అనేదాన్ని. అలా ఐదు వారాలు.

జనవరిలో ఒక మధ్యాహ్నం, ఆ కుర్చీలోనే, రిజిస్టరులో రాస్తుండగా కలం జారిపోయింది. తీసుకుందామంటే వేళ్ళు ముడుచుకోలేదు. నీళ్ళు అడుగుదామని నోరు తెరిస్తే నీళ్ళు అన్న మాట రాలేదు, ఏదో ముద్దగా వచ్చింది. అందరూ ఫైళ్ళలో తలలు పెట్టుకున్నారు. చూసింది మా అటెండరమ్మ ఒక్కతే. ఇరవై ఏళ్ళుగా అక్కడ పనిచేస్తున్న మనిషి, మా ఆయనకు రోజూ టీ ఇచ్చిన మనిషి. గ్లాసులు అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చి నన్ను పట్టుకుంది. ఆటోలో ఆస్పత్రి దాకా నా తల ఆమె భుజం మీదే ఉంది.

"పరేషాన్ గాకుండ్రి మేడమ్. సారు కుర్చీల మిమ్మల్ని కూసోబెట్టిన్నాడే నా పానం గుంజింది. గట్ల కూసోబెట్టొద్దని అందామనుకున్న. నేనెవర్ని, నేను చెప్తే ఇంటరా?"

పదకొండు నెలల్లో నా ఒంటి గురించి చుట్టుపక్కల ఎవరైనా అన్న సరైన మాట అదొక్కటే. అది తోచిన మనిషికేమో అనే ధైర్యం లేదు. అనగలిగినవాళ్ళంతా పూలగుత్తులు పట్టుకుని నిలబడ్డారు.

గంటలోపే మాట తిరిగొచ్చింది, చెయ్యి ఆడింది. ఇది పక్షవాతానికి హెచ్చరిక మాత్రమే, ఇంకోసారికి ఇలా వదలదన్నారు. సాయంత్రం డాక్టరమ్మ వార్డులోకొచ్చి, కేసు కాగితం చూసి, మాత్రలు ఎందుకు ఆపారని అడిగింది. బాగైందని చెప్పాను డాక్టర్ గారూ అన్నాను. ఎవరికి చెప్పారంది. అందరికీ అన్నాను. ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది.

మా అమ్మాయి కాలేజీ నుంచి తిన్నగా వచ్చింది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. దాని మణికట్టు చూశాను. గాజు మోచేతి దాకా ఎక్కిపోతోంది. ఇది ఎప్పుడు ఇంత చిక్కిపోయింది? రోజూ ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఒకే కంచంలో తింటున్నాం అనుకుంటున్నాను. అన్నం తింటున్నావా అని అడిగాను. అది నా దుప్పటి సర్దడం మొదలుపెట్టింది. నేను మళ్ళీ అడిగాను, ఈసారి బళ్ళో అడిగే గొంతుతో.

"నాలుగు నెలలైందమ్మా, నాకు నెలసరి రావట్లేదు. క్లాసులో కూర్చుంటే ఊపిరాడదు. నువ్వు కూడా నాన్నలాగే బాత్రూమ్‌లో పడిపోతావేమోనని రోజూ తలుపు బయట నిలబడతా."

నాలుగు నెలలు. నాకెందుకు చెప్పలేదే తల్లీ అన్నాను. అది అన్న మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

"మా ఇంట్లో అంతా బాగుందని చర్చిలో అందరి ముందూ చెప్పేశావు కదా. ఇంక నేనెట్లా చెప్పాలి? నిన్ను అబద్ధాలకోరుని చెయ్యాలా?"

ఇంకో భయం కూడా ఉందట దానికి. నెలసరి రావట్లేదంటే అత్తయ్య, అంటే మా వదిన, ఇంకేదో అనుకుంటుందేమోనని. పద్దెనిమిదేళ్ళ పిల్ల, తండ్రిని పోగొట్టుకుని, ఇల్లు పోగొట్టుకుని, ఒళ్ళు ఎండబెట్టుకుని, తన శీలం మీద మాట పడుతుందేమోనని నోరు నొక్కుకుని కూర్చుంది. నా వెనక దువ్వెనతో నిలబడి నా బట్టతల చూసి, ఏం లేదమ్మా అన్న పిల్ల. దాని ఒంట్లో ఏముందో నేను ఒక్కసారి తిరిగి చూడలేదు. నా సాక్ష్యం నా ఒక్కదాని ఒంటి మీదే పడిందనుకున్నాను, దాని నోటికి కూడా తాళం వేసిందని ఆ స్టూలు మీద దాన్ని చూశాకే తెలిసింది. నా కడుపు రగిలిపోయింది. ఎవరి మీదని అడిగితే, ముందు నా మీద, తర్వాత అందరి మీద.

ఫిబ్రవరిలో మా ఆయన సంవత్సరీకం, జ్ఞాపకార్థ కూడిక. చర్చి హాల్లోనే పెట్టారు. ఆఫీసువాళ్ళొచ్చారు, ఆఫీసరు గారొచ్చారు, అటెండరమ్మ వెనక వరసలో కొంగు సర్దుకుని కూర్చుంది. చివర్లో ఇంటివాళ్ళ తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి. మా వదిన ముందే కాగితం మీద రాసిచ్చింది. దేవుడు ఈ ఏడాది ఎలా నడిపించాడో, ఉద్యోగం ఎలా ఇచ్చాడో, ఆస్పత్రి నుంచి ఎలా లేపాడో, వరసగా అన్నీ. చదవడానికి బాగానే ఉంది. ఆ కాగితం మడిచి బైబిల్లో పెట్టి, మా అమ్మాయి చెయ్యి పట్టుకుని మైకు దగ్గరకెళ్ళాను. దాన్ని ముందే అడిగాను, నీ సంగతి చెప్పను, నా సంగతే చెబుతాను, నా పక్కన నిలబడతావా అని. నిలబడతానంది.

"పోయిన నవంబరులో ఇక్కడే నిలబడి నేను పూర్తిగా బాగయ్యానని చెప్పాను. అది నిజం కాదు. నేను బాగాలేను. మా ఇంట్లో ఎవరం బాగాలేము. మాత్రలు వేసుకుంటున్నాను, వేసుకుంటూనే ఉంటాను. మనసుకు డాక్టరు దగ్గరికి పోతున్నాను. ధైర్యంగా ఉండమని నాకు ఇంకెవరూ చెప్పకండి. ఏమేం మారాయని అడగండి, చెబుతాను."

స్తోత్రం ఎవరూ అనలేదు. మా వదిన ముఖం కందగడ్డలా అయింది. ఆఫీసరు గారి వైపు తిరిగి, రేపటి నుంచి నాకు వేరే సీటు కావాలి సార్, ఆ కుర్చీలో నేనింక కూర్చోలేను అని అక్కడే, మైకులోనే చెప్పేశాను. పాపం ఆయన సగం లేచి, సరేనమ్మా సరేనమ్మా అన్నాడు. ఆ సంగతి అక్కడ చెప్పాల్సింది కాదని తర్వాత చాలామంది అన్నారు. ఇన్ని నెలలూ ఎక్కడా చెప్పలేదు కనుక అక్కడ చెప్పాల్సి వచ్చింది.

టీల దగ్గర జనం మా ఇద్దరికీ కాస్త దూరంగానే నిలబడ్డారు. అయ్యగారు మాత్రం కప్పు పట్టుకుని వచ్చారు. ఆ రోజు మేమే తొందరపెట్టాం అమ్మా అన్నారు. అంతే అన్నారు. నాకు అది చాలు. మా వదిన నాతో మాట్లాడకుండానే ఇంటికెళ్ళిపోయింది. ఆ శనివారం మా అన్నయ్య చేత చేపల పులుసు పంపింది, మాట మాత్రం పంపలేదు. మేం పులుసు తిన్నాం. గిన్నె కడిగి ఉంచాను, ఆవిడే వచ్చి తీసుకెళ్ళాలని. ఇంకా మా వంటగట్టు మీదే ఉంది.

కూడిక అయిన మర్నాడు పొద్దున ఆఫీసుకెళ్ళి ముందు ఆ దిండు తీసుకున్నాను. ఇంటికి తెచ్చి కుట్లు విప్పాను. దూది పారేసి, చీర ముక్క ఉతికి ఆరేశాను. నా కొత్త సీటు కిటికీ పక్కన, కుర్చీ గట్టిది, నడుం నొప్పెడుతోంది, అయినా ఫర్వాలేదు. రిజిస్టరు కూడా కొత్తదే అడిగి తీసుకున్నాను.

ఆ వారంలోనే మా అమ్మాయిని తీసుకుని ఆస్పత్రికెళ్ళాను. అది దారి పొడుగునా అంటూనే ఉంది, నాకేం లేదమ్మా, నీకే చూపించుకో, నేను పక్కన కూర్చుంటా అని. ఏం లేదు అన్న మాట మా ఇంట్లో ఇంక వినపడకూడదన్నాను. కౌంటరు దగ్గర కుర్రది కంప్యూటరు మీంచి తల ఎత్తకుండా, పేషెంటు ఎవరు మేడమ్ అని అడిగింది. మా అమ్మాయి చప్పున నా వైపు చూపించింది.

నేను దాని చెయ్యి పట్టుకుని దించి, ఇద్దరం, రెండు చీటీలు రాయమ్మా అన్నాను.